చప్పుడు చేయని గాలి

ఈస్ట్ ఫ్యాక్టరీ క్వార్టర్స్
మంగళవారం

అల్లుడుగారికి,

ఆసుపత్రి నుంచి మీ గదికి తిరిగి వచ్చారని కబురు తెలిసింది. ఒంట్లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్య ఈ ఉత్తరం రాయొద్దంది. ఆవిడ పక్కింటికి వెళ్లిన సమయం చూసి రాస్తున్నాను.

అమ్మాయిని కాటికి సాగనంపి వచ్చిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఉట్టి దుఃఖమైతే ఎలాగో దిగమింగుకునేవాణ్ణి. లోపల ఒక అనుమానం పురుగులా తొలుస్తోంది. అది మీ ముందు పెట్టకుండా ఉండలేను.

అమ్మాయి గ్యాస్ వల్ల పోయిందన్నారు. గ్యాస్ అంటే ఏమిటో తెలియని మనిషిని కాను నేను. నా బతుకంతా ఈ తొట్ల దగ్గరే గడిచింది. రొట్టెల పిండి పొంగించే ఈస్ట్ తొట్లో పులుస్తుంటే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కంటికి కనపడదు. బరువైంది కాబట్టి నీళ్లలా అడుగున నిలుస్తుంది. తొట్టి ఖాళీ చేశాక ఫ్యాను పెట్టి గాలి మార్చందే నేను ఎవరినీ దిగనివ్వను. ఎందుకంటే నేను మేస్త్రిని కాకముందు ఒకసారి, మా జట్టులో కొంగ అని పిలుచుకునే పొడుగాటి మనిషి తొందరపడి దిగాడు. నేను పైన అంచు దగ్గర ఉన్నాను. దిగీ దిగగానే ఎగశ్వాస పట్టుకుంది. కొలిమితిత్తిలా రొమ్ము ఎగిరెగిరి పడింది. గోడను గోళ్లతో గీకాడు. "లాగండ్రా" అని వాడు పెట్టిన అరుపు గేటు దాకా వినపడింది. తాడేసి లాగేసరికి ప్రాణం పోయి, ముఖం నీలంగా కమిలిపోయి ఉంది.

మా అమ్మాయి, మా పిచ్చుక ముఖం కూడా నేను చూశాను. చెంపలు ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు ఎండలో ఆడి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చినప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే. గ్యాస్ తగిలి పోయినవాళ్ల ముఖం అది కాదు.

పోనీ గ్యాసే అనుకుందాం. నా బిడ్డ కొట్టుకుని ఉండదా? మిమ్మల్ని పిలిచి ఉండదా? మీరు పక్క గదిలోనే ఉన్నారట. కొంగ అరుపు గేటు దాకా వినపడితే, అది పెట్టిన అరుపు గోడ అవతల ఉన్న మీకు వినపడలేదా?

ఇంకొకటి. అది పిల్లలకు ఈత నేర్పే మనిషి. నీళ్లలో మునిగితే దాని ఊపిరికి ఒడ్డున లెక్కపెట్టేవాళ్లు అలిసిపోయేవారు. మీరేమో మా ఇంటి మెట్లే మధ్యలో ఆగి ఎక్కేవారు. ఒకే ఇంట్లో, ఒకే గాలిలో, అది పోయి మీరు ఎలా మిగిలారు?

జవాబు రాయండి.

మామయ్య

*

అద్దె గది నుంచి
ఆదివారం

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మీరు నన్ను "మీరు" అన్నారు. పెళ్లయిన కొత్తలో "నన్ను నువ్వనండి మామయ్యా" అని నేనడిగితే, "అలాగేరా అబ్బాయ్, నాకూ నాలుక తిప్పుకునే బాధ తప్పుతుంది" అని నవ్వారు. ఇప్పుడు మళ్లీ తిప్పుకుంటున్నారు. కాదనను. మీ కడుపుకోత అలాంటిది.

నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను. మా ఇంటాయన బయటి గోడలు గీకించి రంగులు వేయిస్తున్నాడు. గోడ చుట్టూ మంచె కట్టి, దుమ్ము వీధిలో పడకుండా పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ పట్టా దించారు. నీళ్లు కాచే గ్యాస్ హీటరుకు పొగ బయటికి పోయే గొట్టం ఒకటి ఉంది కదా, దాని మూతిని ఆ పట్టా మూసేసింది. కట్టిన పనివాళ్లకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఆ వారమంతా ఇద్దరికీ తలనొప్పి, కడుపులో తిప్పడం. "నీకూ పట్టుకుందా? పెళ్లయ్యాక ఇన్నాళ్లకు ఒక్క విషయంలో కలిశాం" అనేది తను. బయటికి వెళ్తే తగ్గిపోయేది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. రంగుల వాసన అనుకున్నాం. దుమ్ము వస్తోందని కిటికీలు మూసుకున్నాం.

ఆ సాయంత్రం తను పూల్ నుంచి వణుకుతూ వచ్చింది. వేణ్నీళ్లతో స్నానం చేస్తానని వెళ్లింది. నేను ముందు గదిలో వీధి తలుపు పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాను. ఒక వార్తనే మళ్లీ మళ్లీ చదువుతున్నట్టు గుర్తు. ఆ తరవాత గుర్తున్నది నా ముఖం మీద ఆక్సిజన్ మాస్కు. మధ్యలో ఏమైందో కింది వాటా టీచరమ్మ చెబితే తెలిసింది. బాత్రూం కుళాయి కట్టెయ్యకపోవడంతో వాళ్ల పైకప్పులోంచి నీళ్లు కారాయట. ఆవిడ పైకొచ్చి, తలుపు కొట్టి, పలకకపోతే మనుషుల్ని పిలిచి నెట్టించింది. ఇద్దరినీ వాళ్లే మోసుకెళ్లారు. ఆక్సిజన్ కొలవడానికి నా వేలికి పెట్టిన క్లిప్పు మొదట అంతా బాగానే ఉందని చూపించిందట. రక్తంలో ఉన్నది మంచి గాలో చెడ్డ గాలో దానికి తేడా తెలియదట.

మీరు అడిగినవే నేనూ డాక్టరును అడిగాను. "ఆమె ఊపిరి నాకంటే గట్టిది కదండీ?" అన్నాను.

"గట్టి ఊపిరి దీనికి అడ్డం కాదు బాబూ" అన్నాడు. "ఇది కార్బన్ మోనాక్సైడ్. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఇది కూర్చుంటుంది. పీల్చిన కొద్దీ ఎక్కుతుంది. హీటరు ఆవిడ పక్కనే ఉంది. నీ కుర్చీ పక్కన తలుపు కింద సందు ఉంది. అంతే తేడా."

"మరి పిలవలేదేం?"

"పిలవాలని అనిపించాలి కదా. ఊపిరాడటం లేదన్న బాధే ఉండదు. తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, మత్తు కమ్మేస్తుంది."

చెంపల ఎరుపు కూడా దాని పనేనన్నాడు. గ్యాస్ అన్న అనుమానం మాకు ఎందుకు రాలేదని మీరు అడగవచ్చు. రాలేదు మామయ్యా.

నేను ఎలా మిగిలానని అడిగారు. ఆ మాట నేను ప్రతి పూటా అడుగుతున్నాను. అడగడానికి మీకు మీ అల్లుడు ఉన్నాడు. నాకెవరూ లేరు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. చెప్పకుండా రాశారు కాబట్టి చెప్పలేరేమో.

మీ అబ్బాయి లాంటి వాడు

*

క్వార్టర్స్
శుక్రవారం

అల్లుడుగారికి,

ఉత్తరం చూశాను. మాటలు బాగా కూర్చారు. పేరు ఒక్క ముక్క మారిస్తే గ్యాస్ గుణమే మారిపోతుందా? అందులోనూ కార్బనే, ఇందులోనూ కార్బనే. చెడ్డ గాలి పీలిస్తే మనిషి కొట్టుకుంటాడు. నేను కళ్లారా చూశాను. మీ డాక్టరు పుస్తకంలో చదువుకుని ఉంటాడు.

బాధ లేకుండా పోయిందని చెబితే ముసలాడు నోరు మూసుకుంటాడని ఎవరో మీకు నేర్పి ఉంటారు. నేను చేయవలసింది నేను చేస్తాను. అంతకుమించి మీతో నాకు మాటల్లేవు.

*

కళ్లజోళ్ల షాపు నుంచి
సోమవారం

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు చేస్తానన్నది ఏమిటో నిన్న తెలిసింది. స్టేషన్‌కు పిలిపించారు. నా భార్య చావు మీద అనుమానం ఉందంటూ వచ్చిన ఫిర్యాదును ఇన్‌స్పెక్టరు పైకి చదివి వినిపించాడు. కింద సంతకం చూపించాడు. చివరి అక్షరానికి మీరు పెట్టే తోక చూసి గుర్తుపట్టాను. తను వెక్కిరించేది, "మా నాన్న సంతకం కాదు, గాలిపటం" అని. స్టేషన్‌లో అది గుర్తొచ్చి నవ్వు వచ్చింది. ఆ నవ్వు వాళ్లకు నచ్చలేదు.

మొగుడూ పెళ్లాలు గొడవ పడేవాళ్లా అని అడిగారు. పడేవాళ్లమని చెప్పాను. తను తడి తువ్వాలు మంచం మీద పడేసేది, నేను సణిగేవాణ్ణి. అదీ రాసుకున్నారు. తరవాత ఆసుపత్రి కాగితాలు చూశారు, హీటరును పరీక్షించిన వాళ్లు రాసింది చూశారు. ఇన్‌స్పెక్టరు మంచివాడే. పంపించేముందు టీ ఇప్పించాడు. ఆ రోజు ఏ వారమని నన్ను అడిగితే మాత్రం చెప్పలేకపోయాను. రెండోసారి అడిగినా నోటికి రాలేదు.

నాకు మీ మీద కోపం లేదు. ఉండాలని చూశాను, రాలేదు. మనిషి పోయినప్పుడు ఎవరో ఒకరి చొక్కా పట్టుకోవాలనిపిస్తుంది. నాకు పట్టుకోవడానికి ఆ ప్లాస్టిక్ పట్టా తప్ప ఏమీ దొరకలేదు. మీకు నేను దొరికాను.

షాపులో మళ్లీ చేరాను. అద్దాలు అరగదీసే పని కాబట్టి ఎవరితో మాట్లాడనక్కర లేదు. ఈ మధ్య ఎడమ కంటి అద్దం కుడి వైపు బిగించి ఇచ్చానట. ఒక పెద్దావిడ తిరిగొచ్చి, "బాబూ, నా ఇల్లు నాకే వంకరగా కనపడుతోంది" అంది. నిద్ర చాలక అనుకుంటాను.

మీరు ఆరోగ్యం చూసుకోండి.

మీ అబ్బాయి లాంటి వాడు

*

క్వార్టర్స్
గురువారం

నాయనా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను, మళ్లీ మొదలుపెట్టాను. నిన్ను ఏమని పిలవాలో తెలియక. నువ్వనే పిలుస్తాను. ఇంకా ఆ చనువు మిగిలి ఉంటే ఉంచుకో.

నీ చివరి ఉత్తరం మీ అత్తయ్య చేతిలో పడింది. స్టేషన్ సంగతి చదివింది. కాగితం నా ముందు పెట్టి, "మీ ఫ్యాక్టరీలో గ్యాసుల గురించి చదువుకున్నావిడ ఒకరున్నారుగా. ఆవిడను అడగడానికి మీకు నామోషీ, అల్లుణ్ణి స్టేషన్‌కు ఎక్కించడానికి లేదు" అంది. చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు.

మా ల్యాబ్ మేడం దగ్గరకు వెళ్లాను. నా కూతురి వయసే ఉంటుంది. కొంగ కథ అంతా విని ఆవిడ అడిగింది, "మేస్త్రిగారూ, అతని రొమ్ము అలా ఎందుకు ఎగిరిందంటారు?"

"గాలి చాలక."

"అదొక్కటే కాదు. మనం వదిలే ఊపిరిలో ఉండేది ఈ డయాక్సైడే. ఒంటికి దాని జాడ తెలుసు. లోపల అది పెరిగితే మెదడు ఊరుకోదు, పీల్చు పీల్చు అని తరుముతుంది. కొంచెం చేరినప్పుడే తల బరువెక్కి, ఆయాసం వచ్చి, బయటికి పోదామనిపిస్తుంది. తొట్టి అడుగున ఉన్నంత చిక్కగా ఉంటే ఆ టైము కూడా ఇవ్వదు, మనిషి కూలిపోతాడు. అదీ చంపుతుంది. కాని గోల పెట్టి చంపుతుంది."

"మరి రెండోది?"

"మంటకు సరిపడా గాలి అందకపోతే పుట్టేది మోనాక్సైడ్. అది వచ్చినట్టు ఒంటికి తెలియదు. వాసన లేదు, ఆయాసం లేదు, రొమ్ము మామూలుగానే ఆడుతుంది. రక్తం మాత్రం ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా దాన్నే పట్టుకుంటుంది. ఇది ఎక్కిన రక్తం మరీ ఎర్రగా ఉంటుంది. డయాక్సైడ్ ప్రమాదమనిపించాలంటే గాలిలో చాలా చేరాలి. దీనికి అందులో పిసరంత చాలు."

నేను ఆవిడ స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ నీళ్లు ఇచ్చింది.

బతుకంతా ఒక గాలితో కాపురం చేసి, ఉన్నది అదొక్కటే అనుకున్నాను నాయనా. ఆ గాలిని చూసిన కళ్లతో నిన్ను చూశాను. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నానని రాసిచ్చాను. నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు. అది నాకు సులువైపోతుంది.

మా పిచ్చుక ఊపిరికి కొట్టుకోలేదని ఇప్పుడు నమ్ముతున్నాను. ఇన్నాళ్లూ కళ్లు మూస్తే తొట్లో కొంగకు బదులు అది కనపడేది. నిన్న కనపడలేదు.

ఒక్కటి మాత్రం మనసులో మిగిలింది. నిందగా కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. వారమంతా తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గిందన్నావు. ఈ ఇంట్లో పుట్టి గ్యాస్ మాటలు వింటూ పెరిగిన పిల్ల. దానికి ఒక్కసారైనా గ్యాస్ ఊసు తట్టలేదా?

నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకో. ఎడమ అద్దం కుడికి బిగించే మనిషివి కావు నువ్వు.

మీ మామయ్య

*

అద్దె గది నుంచి

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు నన్ను నువ్వు అన్నారు. తనకు చూపిద్దామని బల్ల మీద పెట్టాను. తను పూల్ నుంచి ఇంకా రాలేదు.

కాళ్లు నేలకు అతుక్కుంటున్నాయి. మెట్ల దగ్గర ఆగిపోతే టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఎందుకో ఆవిడ కళ్లు తుడుచుకుంది. షాపు ఆయన కొన్నాళ్లు రావొద్దన్నారు. నేను అద్దం అరగదీస్తూ నిలబడిపోయానట. అద్దం మొత్తం అరిగిపోయిందట. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

మీరు గ్యాస్ గురించి అడిగారు కదా. నేనే ఒకసారి అన్నాను, "హీటరు గ్యాసేమో, మీ నాన్నను అడుగుదామా" అని. తను ఒప్పుకుంటేనా! "మా నాన్న కొంగ కథ చెప్పీ చెప్పీ నాకది నోటికొచ్చు. గ్యాసైతే ఊపిరాడదు, రొమ్ము కొట్టుకుంటుంది. నాకేమైనా కొట్టుకుంటోందా? చూడు" అని గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టింది. ఎంతసేపటికీ వదలదే. నేనే భయపడి చాలు చాలు అన్నాను. "చూశావా, గాలి బాగానే ఉంది" అంది. కాబట్టి మీరు కంగారు పడకండి. మీరు చెప్పింది తను ఏదీ మరిచిపోలేదు.

ఇవాళ చొక్కా మీద చొక్కా వేసుకున్నాను. చలిగా ఉంది.

మీ ఉత్తరం అందింది. తనకు చూపిద్దామని బల్ల మీద పెట్టాను.

*

క్వార్టర్స్

నాయనా,

ఈ ఉత్తరం కింది వాటా టీచరమ్మగారు నీకు చదివి వినిపిస్తారు. అమ్మా, మీరెవరో నేనెరగను గాని నా ఇంటి మనుషుల్ని మోసుకెళ్లిన చేతులు మీవి. నేను వచ్చే దాకా అతణ్ణి ఒంటరిగా వదలకండి. పొయ్యి ముట్టనివ్వకండి.

ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాను. ఈ గాలి ఒంట్లోంచి వెళ్లిపోయాక కూడా కొందరు కొన్ని వారాలు బాగున్నట్టే ఉండి, ఆ తరవాత మెదడుకు తగిలిన దెబ్బ బయటపడుతుందట. మతిమరుపు, నడక తడబడటం, మాట తేడా. మళ్లీ చూపించుకోవడానికి రమ్మని నీకు చెప్పారట. నువ్వు వెళ్లలేదు. వెళ్లమని చెప్పే మనిషి లేదు. ఉండాల్సినవాణ్ణి నేను స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాను.

చాలామంది నెలల మీద తేరుకుంటారన్నాడు. అందరూ అని అనలేదు. నేను బయలుదేరుతున్నాను, నిన్ను మన ఇంటికి తీసుకొస్తాను. చొక్కా మీద చొక్కా అలాగే ఉండనీ, విప్పకు. ప్రయాణంలో చలి ఉంటుంది.

మామయ్య

*

కళ్లజోళ్ల షాపు వెనక గది నుంచి
బుధవారం

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. అత్తయ్య కట్టిచ్చిన మూట బస్సులో పక్కవాడికి కూడా సరిపోయింది. షాపు ఆయన నన్ను చూడగానే ముందు నా చేతులు పట్టుకుని చూశారు. వణుకు లేదని తెలిశాక కౌగిలించుకున్నారు. అద్దాలు అరగదీసే పని ఇంకా ఇవ్వలేదు. వచ్చినవాళ్ల చేత గోడ మీద అక్షరాలు చదివించే పని ఇచ్చారు. కుడి కాలు సాయంత్రానికి కొంచెం ఈడుస్తుంది. పాత గది ఖాళీ చేశాను. ఇక్కడ గ్యాస్ హీటరు లేదు. ఉన్నా చన్నీళ్లే పోసుకుంటాను.

ఒక సంగతి అడగాలని ఉంది. మీ ఇంట్లో గడిపిన నెలలు నాకు చిరుగుల గుడ్డలా ఉన్నాయి. మీరు నా చొక్కా గుండీలు పెట్టడం గుర్తుంది. అత్తయ్య వసారాలో కూర్చుని నాకేదో చెబుతుండటం గుర్తుంది, ఏం చెప్పేవారో గుర్తులేదు. బయలుదేరేముందు అడిగితే ఆవిడ మాట మార్చేశారు. నేనేమైనా పిచ్చిగా ప్రవర్తించానా? మిమ్మల్ని నొప్పించానా?

ఇంకొకటి. తను అన్న మాట ఒకటి, మీకు ఎప్పటికీ తెలియకూడదని లోపల దాచుకున్నాను. ఆ రోజుల్లో నా అదుపులో నేను లేను. అది నా నోట జారలేదు కదా? జారిందంటే నాకు చెప్పండి. జారకపోతే ఏ మాటని అడగకండి.

మీ అబ్బాయి

*

క్వార్టర్స్
ఆదివారం

నాయనా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. "చెప్పండి, అతనిది అతనికి తెలియాలి" అంది. అందుకని రాస్తున్నాను.

ఆ మాట నీ నోట జారలేదు. చేత్తో రాశావు. కొంగ కథ, ఊపిరి బిగబట్టి చూపించడం, అంతా. నాకు తెలియకూడదని నువ్వు బాగున్నన్నాళ్లూ మోశావని నీకు నయమయ్యాక అర్థమైంది. నేను స్టేషన్‌లో నీ మీద కాగితం పెట్టినప్పుడు కూడా ఆ ఒక్క మాట నా ముఖాన కొట్టి ఉండవచ్చు. కొట్టలేదు.

నేను అమ్మాయికి చెప్పింది అబద్ధం కాదు, సగం. దాని దగ్గర నేను పెట్టిన సగమే ఉంది. ఎంత చెప్పుకున్నా అది తీరేది కాదు, కాబట్టి ఇంతటితో వదిలేస్తాను. ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్లకు కొంగ సంగతి చెప్పాక మా అమ్మాయి సంగతి కూడా చెబుతున్నాను. ల్యాబ్ మేడం, నేను కలిసి క్వార్టర్స్‌లో ఇల్లిల్లూ తిరిగి హీటరు గొట్టాలు చూశాం. ఒకచోట గొట్టంలో పక్షి గూడు పెట్టింది. ఆ ఇంటావిడ రోజూ తలనొప్పి మాత్ర వేసుకుంటోంది.

ఇక నువ్వడిగిన నెలల సంగతి.

నిన్ను తీసుకొచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి వసారాలోకి వచ్చావు. "మామయ్యా, తను లేచిందా?" అన్నావు. నేను నీ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నువ్వు అప్పుడే విన్నవాడిలా కుప్పకూలిపోయావు. మధ్యాహ్నానికి మరిచిపోయావు. మర్నాడు పొద్దున్న మళ్లీ, "తను లేచిందా?" మళ్లీ చెప్పాను. మళ్లీ కూలిపోయావు. అబద్ధం చెప్పకూడదని నా పట్టుదల. రోజూ పొద్దున్నే నా బిడ్డ చావు కబురు మోసుకొచ్చి నీకు చెప్పడం నా పని అయింది. ఒకరోజు మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపండి. రోజూ చంపుతారా దాన్ని?"

నీ వైపు తిరిగి, "పూల్‌కు వెళ్లింది నాయనా, పిల్లలకు క్లాసుంది" అంది. నువ్వు తల ఊపావు. "తల తుడుచుకోకుండా వస్తుంది, చెప్పండత్తయ్యా" అన్నావు. టీ తాగావు.

ఆ రోజు నుంచి జవాబు ఆవిడదే. మొదట్లో ఒక్క ముక్కలో చెప్పేది. రాను రానూ పెంచింది. ఇవాళ కొత్త పిల్లలు చేరారు, ఒకడు నీళ్లంటే భయపడి నిచ్చెన వదలడం లేదు, వదిలితే అమ్మాయి మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. నిన్న వాడే మొదటిసారి చెయ్యి వదిలాడు. నువ్వు కళ్లు పెద్దవి చేసుకుని వినేవాడివి, "తర్వాత?" అనేవాడివి. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క అక్షరం చదివేవాణ్ణి కాదు. నిజం చెబుతున్నాను, నాకూ అలవాటైంది. పొద్దున్నే నువ్వు లేచే చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ణి. నీ ముఖంలో కాసేపు నా పిల్ల తిరుగుతూ ఉండేది.

నువ్వు మెల్లగా కుదుటపడ్డావు. గుండీలు నువ్వే పెట్టుకున్నావు. గోడ పట్టుకోకుండా నడిచావు. డాక్టరు నీ చేత నెలల పేర్లు వరసగా చెప్పించి, భుజం తట్టాడు. అన్నీ బాగవుతున్నా, పొద్దుటి ప్రశ్న మాత్రం పోలేదు. మాకది పోవాలనీ ఉంది, పోకూడదనీ ఉంది.

తరవాత ఒక పొద్దున నువ్వు వసారాలోకి వచ్చావు. మీ అత్తయ్య టీ ఇచ్చి అక్కడే నిలబడింది. ఆ రోజు పోటీలున్నాయని, భయపడే పిల్లాడు ఈ చివర నుంచి ఆ చివరకు ఈదబోతున్నాడని చెప్పాలనుకుందట. నువ్వు టీ తాగావు. కప్పు కడిగి బోర్లించావు. మా ఇద్దరి ముఖాలూ చాలాసేపు చూశావు.

"మామయ్యా, ఇవాళ బజారు పని నేను చేస్తాను. మీరు కూర్చోండి" అన్నావు.

అంతే. అడగలేదు.

నువ్వు బాగయ్యావని అప్పుడే మాకు తెలిసింది. మీ అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. నువ్వు చెప్పులు వేసుకుంటున్నావు. ఆవిడ ఏడుపు నీకు వినపడకూడదని నేను రేడియో గొంతు పెంచాను.

మీ మామయ్య